మెదడులోని తూములు

మన కర్నూలు, కడప జిల్లాలలో ఉమ్మెత్త చెట్టు చూడని పిల్లలు ఉండరు. వానలు లేక కంది, కొర్ర వాడిపోయిన సంవత్సరం కూడా ఈ చెట్టు మాత్రం పెంటదిబ్బల మీద, పాడుగోడల పక్కన, బాట వెంబడి పచ్చగా నిలిచి ఉంటుంది. గొట్టం వంటి తెల్లని పువ్వు, కొన్నిటికి ఊదారంగు పువ్వు, ఒళ్ళంతా ముళ్ళున్న గుండ్రని కాయ. వినాయక చవితి పత్రిలో దీని ఆకు కూడా ఒకటి. పశువులు సామాన్యంగా దీని జోలికి పోవు.

తెలిసో తెలియకో దీని గింజలు తిన్నవాళ్ళ సంగతి పల్లెలలో పెద్దలకు బాగా తెలుసు. నోరు ఎండిపోతుంది. ముఖం ఎర్రబడుతుంది. కనుపాపలు పెద్దవై వెలుతురు చూడలేరు. ఒళ్ళు కాలిపోతుంది. తరువాత మాట తడబడుతుంది. ఎదుట లేని మనుషులతో మాట్లాడతారు. గాలిలో ఏదో ఏరుకుంటారు. కన్నతల్లిని చూచి, "నీవెవరు?" అంటారు. ప్రాణం దక్కి తెలివి వచ్చిన తరువాత, ఆ రెండు రోజులూ ఏమి జరిగిందని అడిగితే ఒక్క ముక్క చెప్పలేరు. మోతాదు మించితే ప్రాణమే దక్కదు. కనుక పిల్లలూ, ఈ కాయలు కోసి ఆడుకోకండి. ఆకు నలిపిన చేత్తో కళ్ళు నులుముకోకండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. గింజలో ఉన్న పిసరంత విషం కడుపులోకి పోతే తలలో ఉన్న జ్ఞాపకం ఎందుకు పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే ముసలితనంలో కొందరికి వచ్చే పెద్ద మరపు జబ్బు దాకా పోతాము. ఆ జబ్బు పేరు అల్జైమర్ వ్యాధి. మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురికి మతిమరపు జబ్బు ఏదో ఒక రూపంలో ఉన్నదని 2023లో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. అంటే దాదాపు 88 లక్షల మంది. వారిలో చాలామందిది అల్జైమర్ వ్యాధే. కాబట్టి మీలో కొందరి ఇళ్ళలోనే ఈ జబ్బు ఉండవచ్చును.

ముందు ఒక కప్ప గుండె కథ చెబుతాను.

ఆస్ట్రియా దేశంలో గ్రాజ్ అనే నగరం ఉన్నది. అక్కడ ఒట్టో లోవీ అనే ప్రొఫెసరు ఉండేవాడు. నరం గుండెకు కబురు ఎట్లా అందజేస్తుంది, విద్యుత్తు వలననా, లేక ఏదైనా రసం వలననా అని ఆయన చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాడు. ఒకనాటి రాత్రి కలలో ఆ సంగతి తేల్చే ప్రయోగం తోచింది. దిగ్గున లేచి, ఒక కాగితం మీద నాలుగు గీతలు గీకి మళ్ళీ పడుకున్నాడు. తెల్లవారి చూస్తే తన చేతిరాత తనకే తెలియలేదు! కల కూడా జ్ఞాపకం రాలేదు. మరుసటి రాత్రి మూడు గంటలకు అదే కల మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన కాగితాన్ని నమ్ముకోలేదు. లేచి తిన్నగా ప్రయోగశాలకు పోయాడు.

ఆయన రెండు కప్పల గుండెలు తీసి ఉప్పునీటిలో ఉంచాడు. ఆ నీటిలో అవి కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటాయి. మొదటి గుండెకు చేరే నరాన్ని విద్యుత్తుతో కదిలించగానే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి రెండవ గుండె మీద పోశాడు. ఏ నరమూ తగలకుండానే అది కూడా నెమ్మదించింది! అంటే కబురును మోసుకొని పోయింది ఒక రసమే. 1921లో లోవీ ఈ సంగతి ప్రకటించాడు. ఆ రసమే అసిటైల్‌కోలిన్ అని తరువాత రుజువైంది. ఈ పనికి లోవీకీ, ఇంగ్లాండులోని హెన్రీ డేల్‌కూ కలిపి 1936లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

గుండె దగ్గర జరిగేదే మెదడులోనూ జరుగుతుంది. మన మెదడులో సుమారు 8600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక కణం పక్క కణాన్ని తాకదు. రెండింటికీ నడుమ బహు సన్నని సందు ఉంటుంది. తలవెంట్రుక మందాన్ని నాలుగు వేల భాగాలు చేస్తే ఒక భాగం ఎంతో, ఆ సందు దాదాపు అంత. ఇవతలి కణం కబురు చెప్పవలసినప్పుడు సందులోకి చుక్కంత రసం వదులుతుంది. అసిటైల్‌కోలిన్ అటువంటి రసాలలో ఒకటి. గ్లూటమేట్ అని మరొకటి ఉన్నది. ఇంకా ఎన్నో ఉన్నాయి.

రసం వదిలితే చాలా? చాలదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని పట్టి, మూడువందల కిలోమీటర్లకు పైగా నడిపించి కడప దాకా తెచ్చే కర్నూలు–కడప కాలువను చూచారు కదా. కాలువలో నీళ్ళు నిండుగా పారుతున్నంత మాత్రాన చేను తడవదు. గట్టులో తూము ఉండాలి. తూముకు తలుపు ఉండాలి. లస్కరుకు కబురు అందాలి. ఆయన వచ్చి తలుపెత్తాలి. అప్పుడు నీళ్ళు చేలోకి పోతాయి. నాడీకణం గోడలో కూడా ఇటువంటి తూములు వేలకొద్దీ ఉన్నాయి. వాటినే గ్రాహకాలు అంటారు. ఇంగ్లీషు మాట రిసెప్టర్ కూడా మీరు వినే ఉంటారు. ఇవి మాంసకృత్తులతో, అంటే ప్రోటీనులతో తయారైనవి. మీరు పప్పులో, గుడ్డులో, వేరుశనగలో తినే ప్రోటీనును శరీరం చిన్న చిన్న తునకలుగా విడగొట్టి, ఆ తునకలనే మరొక వరుసలో కూర్చి ఈ గ్రాహకాలను తయారుచేసుకుంటుంది.

కాలువ తూముకూ దీనికీ ఒక తేడా ఉన్నది. ఇక్కడ లస్కరు వేరే ఉండడు. గ్రాహకమే తూమూ, తలుపూ, లస్కరూ. దాని పైభాగాన ఒక గుంట ఉంటుంది. అసిటైల్‌కోలిన్ వచ్చి, తాళంలో తాళంచెవి పట్టినట్లు, ఆ గుంటలో సరిగ్గా కూర్చుంటే తలుపు తెరుచుకుంటుంది. వేరే రసానికి తెరుచుకోదు. మరికొన్ని గ్రాహకాలకు తూము ఉండదు. వాటి గుంటలో రసం కూర్చుంటే, అవి లోపల గంట కొట్టినట్లు కణాన్ని మేలుకొలుపుతాయి. పని ముగియగానే ఒక ఎంజైము వచ్చి, సందులో మిగిలిన రసాన్ని ముక్కలు చేసి ఊడ్చివేస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతు లెక్కన జరిగే పని.

ఇప్పుడు ఉమ్మెత్త సంగతి విప్పవచ్చును. దానిలో అట్రోపిన్, స్కోపొలమిన్ అనే విషాలు ఉన్నాయి. అవి గంట కొట్టే రకం గ్రాహకాల గుంటలో పోయి కూర్చుంటాయి. కూర్చుంటాయే గాని గంట కొట్టవు. తాళంలో తప్పుడు చెవి ఇరుక్కుంటే అసలు చెవి దూరదు చూడండి, అట్లా అన్నమాట. నోటిలో గ్రాహకాలు మూసుకుంటే ఉమ్మి ఊరదు. కంటిలోవి మూసుకుంటే కనుపాప ముడుచుకోదు. కళ్ళ డాక్టరు పరీక్షకు ముందు వేసే చుక్కలు చేసేది కూడా ఈ పనే, కాని కొలిచి చేస్తాయి. మెదడులోవి మూసుకుంటే కొత్త జ్ఞాపకం తయారు కాదు.

తూములు ఉన్నాయని ముందుగా ఊహించినవాడు కేంబ్రిడ్జిలోని లాంగ్లీ అనే ప్రొఫెసరు. 1905లోనే ఆయన, కండలలో విషాలనూ కబుర్లనూ అందుకొనే పదార్థం ఏదో ఉండి తీరాలన్నాడు. అయితే ఊహించడం వేరు, పట్టుకొని చూపడం వేరు. పట్టి ఇచ్చింది ఎవరో తెలుసా? కట్లపాము!

మన చేలలో, రాళ్ళ కుప్పలలో తిరిగే కట్లపాము కరిస్తే నొప్పి అంతగా తెలియదు. కాని కొన్ని గంటలలో కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఊపిరి ఆగిపోతుంది. తైవాను దీవిలో దీనికి దాయాది పాము ఒకటి ఉన్నది. 1963లో అక్కడి చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని విషంలో నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అది కండలలోని అసిటైల్‌కోలిన్ తూములకు అంటుకుంటే ఇక సులభంగా ఊడదు. సరే, ఊడని విషం ఉన్నప్పుడు, దానిని గాలంగా వేసి గ్రాహకాన్నే పైకి లాగవచ్చును గదా! 1970లో పారిసులోని షాంజో, తైవాను లీ, మరికొందరు కలిసి ఆ పనే చేశారు. గ్రాహకాలు మెండుగా ఉండే జీవి కావాలని విద్యుత్తు పుట్టించే మలుగుచేపను ఎంచుకున్నారు. కండలలోని ఈ గ్రాహకంలో ఐదు ముక్కలు గుండ్రంగా చేరి ఉంటాయని, నడుమ సన్నని రంధ్రం ఉంటుందని తరువాత తేలింది. లాంగ్లీ చెప్పిన అరవై అయిదేళ్ళకు తూము చేతికి దొరికింది. నాకు ఈ కథ చాలా ఇష్టం. విషాన్ని చూచి పారిపోకుండా, అది ఎక్కడ కూర్చుంటున్నది అని అడిగినవాళ్ళకు ఇన్ని సంగతులు తెలిసివచ్చాయి.

ఇక ముసలితనపు మరపుకు వద్దాము.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె అనే ఆమెను తీసుకువచ్చారు. ఆమెకు అప్పుడు 51 ఏళ్ళు. ఆలోయిస్ అల్జైమర్ అనే డాక్టరు, "మీ పేరేమిటి?" అని అడిగితే, "ఆగస్టె" అన్నది. ఇంటిపేరు అడిగినా "ఆగస్టె" అన్నది. భర్త పేరు అడిగినా అదే చెప్పింది. ఆమె 1906లో చనిపోయిన తరువాత డాక్టరు ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో చూచాడు. కణాల నడుమ గట్టిపడిన మచ్చలూ, కణాల లోపల చిక్కుపడిన దారాలూ కనిపించాయి. ఆ జబ్బుకు ఆయన పేరే వచ్చింది.

ఆ తరువాత చాలాకాలం ఈ జబ్బుకు లోపలి కారణం తెలియలేదు. 1974లో అమెరికాలో డ్రాక్మన్, లెవిట్ అనే ఇద్దరు కొందరు ఆరోగ్యవంతులైన యువకులకు కొద్ది మోతాదులో స్కోపొలమిన్ ఇచ్చారు. అదే, మన ఉమ్మెత్తలో ఉండే మందు. వాళ్ళు అప్పుడే విన్న నాలుగైదు అంకెలను వెంటనే చెప్పగలిగారు. కాని పెద్ద పట్టికను మనసులో నిలుపుకోలేకపోయారు. వాళ్ళ తప్పులు వయసు మళ్ళినవారి తప్పుల వలెనే ఉన్నాయి. రెండేళ్ళకు, 1976లో, ఎడింబరోలో డేవిస్, మలోనీ అనే వాళ్ళు అల్జైమర్ వ్యాధితో చనిపోయినవారి మెదడులను పరీక్షించారు. అసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైము వాటిలో చాలా తగ్గిపోయి ఉన్నది. ఉమ్మెత్త తిన్నవాడికి తూములు మూసుకుపోయాయి. ఈ జబ్బు వచ్చినవారికి కాలువలో నీళ్ళే తగ్గిపోయాయి. చేను రెండు విధాలా ఎండుతుంది.

అయితే ఒక పెద్ద తేడా ఉన్నది. ఉమ్మెత్త మత్తు దిగితే గ్రాహకాలు మళ్ళీ పనిచేస్తాయి. అల్జైమర్ వ్యాధిలో కణాలే క్రమంగా చచ్చిపోతాయి. ఎందువల్ల?

డాక్టర్ చూచిన మచ్చలు ఏమిటో 1984లో తెలిసింది. అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అనేవారు వాటిలోని ముఖ్యపదార్థాన్ని విడదీశారు. దానిని అమిలాయిడ్ బీటా అంటారు. నాడీకణాల గోడలో ఉండే ఒక పెద్ద ప్రోటీను తెగినప్పుడు రాలే చిన్న తునక అది. అందరి మెదడులోనూ అది రాలుతుంది, అందరిలోనూ కొట్టుకుపోతుంది. కొట్టుకుపోనప్పుడు తునకలు ఒకదానికొకటి అంటుకొని పేరుకుంటాయి. కాలువలో పూడిక పేరుకున్నట్లే అనుకోండి. పెద్ద మచ్చల కంటె, అవి ఏర్పడక ముందు నీటిలో తిరిగే చిన్న చిన్న గుత్తులే ఎక్కువ చెరుపు చేస్తాయని ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు నమ్ముతున్నారు.

ఆ గుత్తులు కణాన్ని చెరిచేది కూడా గ్రాహకాల ద్వారానే. గ్లూటమేట్ రసానికి తెరుచుకొనే ఒక తూము ఉన్నది. పాఠం నేర్చుకొనేటప్పుడు దానిగుండా కాస్త కాల్షియం కణంలోకి పోతుంది. ఆ కాస్తతోనే జ్ఞాపకం పాదుకుంటుంది. తూము వేళకు మూతపడక ఎప్పుడూ కొంచెం కారుతూ ఉంటే? మడిలో నీళ్ళు నిలిచిపోతే వేరు కుళ్ళుతుందని రైతు బిడ్డలకు చెప్పాలా? నాడీకణం కూడా అట్లాగే దెబ్బతింటుంది. అమిలాయిడ్ గుత్తులు కణం గోడ మీద ఏ గుంటలో కూర్చొని ఈ అల్లరి మొదలుపెడతాయి అనేది ఇంకా తేలని తగవు. 2009లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయాన్ అనే ప్రోటీను అటువంటి గ్రాహకమని చూపించారు. కొందరు ఔనన్నారు, కొందరు కాదన్నారు. శాస్త్రంలో ఇటువంటి తగవులు మామూలే.

మెదడులో ఊడ్చే కణాలు కూడా ఉన్నాయి. చెత్త కనబడితే వాటేసుకొని మింగుతాయి. అది చెత్త అని వాటికి ఎట్లా తెలుస్తుంది? వాటి ఒంటి మీద ట్రెమ్ 2 అనే గ్రాహకం ఉన్నది. అదే వాటికి కన్ను. 2013లో ఐస్‌లాండు శాస్త్రజ్ఞులూ, లండన్ శాస్త్రజ్ఞులూ విడివిడిగా ఒక సంగతి ప్రకటించారు. ట్రెమ్ 2 ప్రోటీను దండలో 47వ పూస ఒక్కటి మారితే చాలు, అల్జైమర్ వచ్చే ప్రమాదం సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. ఊడ్చేవాడికి చూపు తగ్గితే వాకిట్లో చెత్త మిగులుతుంది కదా. ఈ మార్పు బహు అరుదు, కనుక అందరూ భయపడవలసిన పని లేదు. కాని జబ్బు దారి చూపించినందుకు దీని విలువ గొప్పది.

మందులు ఉన్నాయా అని పెద్దలు అడుగుతారు. ఉన్నాయి, పరిమితంగా.

మొదటి రకం మందును అర్థం చేసుకోవడానికి ఆదోని వైపు పత్తి చేలకు పోవాలి. పత్తికి కొట్టే కొన్ని పురుగుమందులు, సందులో రసాన్ని ఊడ్చే ఎంజైమును చంపివేస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా, గాలికి ఎదురుగా మందు కొట్టిన మనిషికి రసం విపరీతంగా పేరుకుంటుంది. నోట నురగ, ఒంట చెమట, కండలకు వణుకు, కనుపాప ఆవగింజంత. అప్పుడు ఆసుపత్రిలో అట్రోపిన్ సూది వేస్తారు. ఉమ్మెత్తలోని విషమే అక్కడ మందు! పేరుకున్న రసం గంటలు కొట్టకుండా అది అడ్డుపడుతుంది. వరసగా అట్రోపిన్ ఎక్కిన మనిషి గాలిలో ఏరుకోవడం చూచి, దయ్యం పట్టిందని బంధువులు భయపడడం కద్దు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. గ్రాహకాలు మూసుకున్నాయి, అంతే.

ఆ ఎంజైమును చంపకుండా, కొంచెం మందగింపజేస్తే ఎట్లా ఉంటుంది? అల్జైమర్ రోగి మెదడులో ఉన్న కాస్త రసం మరికొంతసేపు నిలిచి, గ్రాహకాలను తట్టుతుంది. ఈ ఊహతో జపానులో సుగిమోతో అనే రసాయన శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ డొనెపెజిల్ అనే మందు చేశారు. సుగిమోతో తల్లికి మరపు జబ్బు వచ్చి కొడుకునే గుర్తుపట్టలేకపోయింది. 1996లో ఆ మందు అమెరికాలో అమ్మకానికి అనుమతి పొందింది. కారే గ్లూటమేట్ తూముకు సగం అడ్డుపెట్టే మెమాంటిన్ అనే మందు 2003లో అక్కడికి వచ్చింది. ఈ రెండూ లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి గాని జబ్బును ఆపవు. పూడికనే తీసే లెకానెమాబ్ అనే మందుకు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి దొరికింది. పద్దెనిమిది నెలలు ఇచ్చి చూస్తే జబ్బు ముదరడం సుమారు నాలుగవ వంతు నెమ్మదించింది. తొలిదశలో ఉన్నవారికే అది పనికివస్తుంది. మెదడు వాచడం, రక్తం చెమర్చడం వంటి ప్రమాదాలు ఉన్నందున తరచు స్కానులు తీస్తూ ఇవ్వాలి. పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే మందు ఏదీ లేదు.

పెద్దలకు ఇక్కడ ఒక మాట. జలుబుకూ, దురదకూ, నిద్రకూ మందుల షాపులో అడిగి కొనే కొన్ని పాతరకం మాత్రలకు, ఉదాహరణకు క్లోర్‌ఫెనిరమిన్‌కు, ఉమ్మెత్త గుణం కొద్దిగా ఉన్నది. చిన్నవాళ్ళకు అది తెలియకపోవచ్చును. డెబ్బయి ఏళ్ళ మనిషి మెదడులో అసలే రసం తక్కువగా ఉంటే, ఆ కొద్దిపాటికే మాట తడబడి, రాత్రి లేచి ఇల్లంతా తిరగవచ్చును. కనుక మరపు మొదలైనదని డాక్టరుకు చూపించేటప్పుడు, తాత వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకొనిపోయి ముందు పెట్టండి. బి 12 విటమిను తగ్గినా, థైరాయిడ్ గ్రంథి మందగించినా కూడా మరపు వస్తుంది. అవి వైద్యానికి లొంగేవి. తాయెత్తు కట్టించి ఊరుకుంటే ఆ అవకాశం పోతుంది.

ఈ జబ్బు ముందుగా దెబ్బకొట్టేది చెవులకు ఎగువగా, మెదడు లోపలి మడతలో ఉన్న ఒక చిన్న భాగాన్ని. సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో ఉన్నందున శాస్త్రజ్ఞులు దానికి ఆ చేప పేరే పెట్టారు. కొత్త జ్ఞాపకాలు పాదుకొనేది అక్కడే. పాత జ్ఞాపకాలు మెదడులో వేరే చోట్ల వేళ్ళూని ఉంటాయి. అందువల్లనే జేజి యాభై ఏళ్ళ నాటి కరవులో గంజికేంద్రం దగ్గర ఎవరెవరు నిలబడ్డారో వరుసగా చెబుతుంది, గంట క్రితం అన్నం తిన్న సంగతి చెప్పలేదు. "నా కోడలు నాకు సంకటి పెట్టలేదమ్మా" అని వీధి అరుగు మీద కూర్చొని చెబుతుంది. వినేవాళ్ళు కోడలిని ఆడిపోసుకుంటారు. కోడలు లోపలికి పోయి ఏడుస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. తిన్న సంగతి జేజి మెదడులో పాదుకోనే లేదు.

నాతో కలిసి పనిచేసిన తెలుగు పండితులు ఒకరు ఉండేవారు. బడిలోని నాలుగు వందల మంది పిల్లలను ఇంటిపేర్లతో సహా పిలిచేవారు. రిటైరైన కొన్నేళ్ళకు చూడబోతే నా పేరు నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ చెప్పాను. అయిదవసారి ఆయన మనుమరాలు, ఏడో తరగతి పిల్ల, "తాతా, ఈ సారు మీ బడిలో లెక్కలు చెప్పేవారట" అని నా బదులు తనే చెప్పి, ఒక పద్యం మొదటి పాదం ఎత్తుకున్నది. మిగతా మూడు పాదాలూ ఆయన గంట కొట్టినట్లు చదివారు. ఆ అమ్మాయి "ఇప్పుడే చెప్పాను కదా" అనే మాట ఆ పూటంతా వాడలేదు. తలుపు మీద పెద్ద అక్షరాలతో "స్నానాల గది" అని రాసి అంటించింది కూడా ఆమేనట. డాక్టర్లు చెప్పవలసిన సలహా ఆ పిల్లకు ఎట్లా తోచిందో!

ఇక మన తెలుగుదేశంలోనే జరిగిన ఒక మంచి పరిశోధన ఉన్నది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, ఎడింబరోకు చెందిన థామస్ బాక్‌తోనూ ఇతరులతోనూ కలిసి, మరపు జబ్బుతో వచ్చిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది రెండుగాని అంతకు మించి గాని భాషలు మాట్లాడేవారు. ఒక్క భాష మాత్రమే వచ్చినవారి కంటె వీరికి జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. ఇది చదువు వలన వచ్చిన తేడా కాదు. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనబడింది. 2013లో ఇది అచ్చయింది. ఇతర దేశాలలో రెండు భాషలవారు చాలావరకు వలస వచ్చినవారు కనుక, తేడా భాష వలననా, వలస వలననా అని తేలేది కాదు. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడేవారు అక్కడే పుట్టి పెరిగినవారు. అందువల్ల మన ఊరి లెక్కకు ప్రపంచంలో విలువ వచ్చింది.

భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. పూడిక చేరడం చేరుతూనే ఉంటుంది. అయితే ఒక భాష నుంచి మరొక భాషకు మారుతూ ఉండేవారి మెదడులో పిల్లకాలువలు ఎక్కువగా ఉండి, ఒక తూము మూసుకుంటే మరొక దారిన నీరు అందుతుందేమోనని శాస్త్రజ్ఞుల ఊహ. ఆదోని బజారులో కూరగాయల తట్ట ముందు కూర్చున్న అవ్వను ఈసారి గమనించండి. వచ్చినవారిని బట్టి తెలుగులో ధర చెప్పి, కన్నడంలో బేరమాడి, ఉర్దూలో చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది.